వృద్ధుల కాళ్ళకు విశ్రాంతి మందు కాదు

కదలిక తగ్గిన వృద్ధులు ఇక కదలకుండా ఉండటమే మేలన్న అభిప్రాయం కడప జిల్లాలో ఇంటింటా పాతుకుపోయి ఉంది. మోకాళ్ళ నొప్పితో మెట్టు ఎక్కలేని అవ్వకైనా, పక్షవాతం వచ్చి తగ్గి చేతికర్రతో నడుస్తున్న తాతకైనా చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పేది ఒక్కటే: "ఈ వయసులో యాడికి పోతావు జేజీ, ఆ మంచమ్మీద కూసో." ఈ మాట కొడుకులు, కోడళ్ళు అంటారు. ఇరుగుపొరుగు అంటారు. ఎక్స్‌రే చూసి "అరిగిపోయినాయి, రెస్టు తీసుకోండి" అని పంపించే వైద్యులూ అంటారు. అందరూ ప్రేమతోనే అంటారు. అయినా వృద్ధులను మంచానికి పరిమితం చేస్తున్న కారణాల్లో ఈ సలహాకు పెద్ద వాటా ఉంది.

ఈ అభిప్రాయం వెనక ఉన్న వాదనను ముందు ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. మెట్ట పొలాల్లో వంగి చెనిక్కాయ పీకి, ఎర్రగుంట్ల వైపు నాపరాతి గనుల్లో బండలు మోసి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు గుంతమగ్గాల మీద ఏళ్ళ తరబడి కాళ్ళాడించి అరిగిన కీళ్ళు ఇవి. మిగిలిన కాస్తా వాడకుండా కాపాడుకోవాలి. కదిలితే నొప్పి పెరుగుతుంది. కాలుజారి పడితే తుంటి ఎముక విరుగుతుంది, విరిగితే మళ్ళీ లేవరు. పడాల్సిన కష్టం వాళ్ళు ఎప్పుడో పడ్డారు. ఎనభై ఏళ్ళకు వ్యాయామం మొదలుపెట్టి సాధించేదేమీ లేదు. అసలు నడవలేని మనిషికి వ్యాయామం అనే మాటే వర్తించదు. పెద్దవాళ్ళను కాలు కింద పెట్టనీయకుండా చూసుకోవడమే పిల్లల ధర్మం.

ఇందులో కొంత నిజం ఉంది. బరువులు మోసే పనులు, గంటల కొద్దీ గొంతుక్కూర్చునే పనులు మోకాలి అరుగుదలను పెంచుతాయి. ఒకసారి పలచబడిన మృదులాస్థి వ్యాయామంతో తిరిగి పెరగదు. తుంటి విరగడం వృద్ధాప్యంలో ప్రాణాంతకం కాగలదు. అయితే ఈ మూడు నిజాల్లో ఏ ఒక్కదాని నుంచీ "కాబట్టి కదలకూడదు" అన్న ముగింపు రాదు. వాదన కూలిపోయేది అక్కడే.

1. "వాడితే ఇంకా అరుగుతుంది"

ఈ మాట బండి టైరును చూసి మోకాలి గురించి చెప్పే మాట. టైరు ప్రాణం లేని వస్తువు. తిరిగిన ప్రతి మైలుకూ అది కొంత పోగొట్టుకుంటుంది, తిరగకపోతే ఉన్నట్టే ఉంటుంది. కీలు అలా ఉండదు. ఎముకల కొనలను కప్పి ఉంచే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. దానికి ఆహారం కీలు లోపలి ద్రవం నుంచే అందాలి. అడుగు వేసినప్పుడు మృదులాస్థి నొక్కుకుంటుంది, అడుగు ఎత్తినప్పుడు వదులవుతుంది. ఈ నొక్కుడు, వదులుల మధ్యే ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. కాలు కదలకపోతే ఆ రాకపోకలు మందగిస్తాయి. కాపాడుతున్నామనుకొని కదలకుండా ఉంచిన కీలుకు నిజానికి తిండి తగ్గుతోంది.

రెండో సంగతి కండరం. మోకాలి భారమంతా మోకాలే మోయదు. తొడ ముందుభాగంలోని పెద్ద కండరం అడుగడుగునా ఆ అదురును కొంత తనలో ఇముడ్చుకుంటుంది. కూర్చున్నకొద్దీ ముందు సన్నబడేది అదే. తొడ సన్నబడితే అది మోసిన భారం కీలు మీద పడుతుంది, నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగింది కాబట్టి ఇంకాస్త కూర్చోమంటారు. మోకాలు అరిగినందువల్ల నడవలేకపోతున్నారని ఇంటివాళ్ళు అనుకునే చాలామంది విషయంలో, నడకను ఎక్కువగా హరించింది తొడ బలహీనతే.

ఎక్స్‌రే తీర్పును కూడా కొంచెం ఆచితూచి తీసుకోవాలి. ఫిల్ములో కనిపించే అరుగుదలకూ మనిషి పడే బాధకూ గట్టి పొంతన ఉండదని వైద్యలోకానికి చాలా కాలంగా తెలుసు. ఎముకల మధ్య సందు బాగా తగ్గినా పెద్ద నొప్పి లేకుండా తిరిగేవాళ్ళున్నారు, ఫిల్ము దాదాపు బాగానే ఉండి నొప్పితో కుంటేవాళ్ళూ ఉన్నారు. ఫిల్ము ఒక్కదాన్ని చూసి మనిషిని కూర్చోబెట్టడానికి ఆధారం చాలదు.

కూర్చోవడం వల్ల బరువు పెరిగితే మోకాలికి అదొక అదనపు శిక్ష. మోకాలి అరుగుదల, అధిక బరువు రెండూ ఉన్న వృద్ధులపై 2005లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం, ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలిపై పడే భారం సుమారు 4 కిలోలు తగ్గుతుందని లెక్కగట్టింది. పెరిగినప్పుడూ దాదాపు ఇదే లెక్క.

2. "నొప్పికి విశ్రాంతే మందు"

నిన్న మెలిక పడిన మడమకు, వేడెక్కి వాచిన కీలుకు, కొత్తగా విరిగిన ఎముకకు విశ్రాంతి మందే. అది కొన్నాళ్ళ మందు. ఏళ్ళ తరబడి ఉన్న మోకాలి నొప్పికి అదే మందును జీవితాంతం వాడమనడం పొరపాటు. విశ్రాంతికి కూడా మోతాదు ఉంటుంది, మోతాదు మించితే అది చేసే హాని కొలతకు అందేదే.

1966లో అమెరికాలోని డాలస్‌లో 20 ఏళ్ళ ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారాలు మంచం మీదే ఉంచి, వాళ్ళ గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యాన్ని ముందూ వెనకా కొలిచారు. ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షించారు. యాభై ఏళ్ళ వయసులో వాళ్ళకున్న సామర్థ్యం కంటే, ఇరవై ఏళ్ళప్పుడు మూడు వారాల పడకతో దిగజారిన సామర్థ్యమే తక్కువగా తేలింది. ముప్పై ఏళ్ళ వయసు చేయలేని నష్టాన్ని మూడు వారాల మంచం చేసింది. అది కుర్రవాళ్ళ సంగతి. 2007లో వెలువడిన మరో అధ్యయనంలో సగటున 67 ఏళ్ళున్న ఆరోగ్యవంతులను 10 రోజులు మంచం మీద ఉంచితే కాళ్ళలో దాదాపు ఒక కిలో కండ పోయింది. వైరల్ జ్వరం వచ్చి, జ్వరం తగ్గాక కూడా "నీరసంగా ఉందిలే" అని రెండు వారాలు పడుకోబెట్టిన ఎనభై ఏళ్ళ అవ్వ తర్వాత ఎందుకు లేవలేకపోతోందో ఈ లెక్క చెబుతుంది. ఆ నేరాన్ని ఇంట్లో అందరూ జ్వరం మీదికే నెడతారు.

మంచంతో వచ్చేవి ఇంకా ఉన్నాయి: పడక పుండ్లు, మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టడం, ఊపిరితిత్తుల్లో నెమ్ము, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్ళు తిరగడం. ఇళ్ళలో తరచుగా కనిపించే ఒక అలవాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నొప్పిగా ఉన్న మోకాలి కింద దిండు పెట్టుకొని పడుకుంటే హాయిగా ఉంటుంది. రాత్రీ పగలూ అలాగే ఉంచితే మోకాలి వెనక కండరాలు, స్నాయువులు ఆ వంపులోనే బిగుసుకుపోతాయి. కొన్ని నెలలకు కాలు తిన్నగా చాపలేరు. చాపలేని కాలితో నిలబడితే తొడ కండరం మోయలేనంత శ్రమ పడాలి. సుఖం కోసం పెట్టిన దిండు చివరికి నిలబడే శక్తినే తీసుకుపోతుంది.

విశ్రాంతివాదంలో ఉన్న వైరుధ్యం ఆసుపత్రిలో బయటపడుతుంది. మోకీలు మార్చిన శస్త్రవైద్యులు రోగిని ఆ రోజే, లేదంటే మరునాడు వాకర్ సాయంతో నిలబెడతారు. తుంటి విరిగి ఆపరేషన్ అయినవాళ్ళను కూడా మరునాడే మంచం దించాలన్నది ప్రమాణంగా పాటించే పద్ధతి. ఎముకను కోసి లోహం బిగించిన కాలినే మరునాడు కదిలించాలని వైద్యం చెబుతుంటే, కోత లేని, కుట్లు లేని మోకాలిని ఏళ్ళ కొద్దీ కదలనివ్వకూడదని చెప్పడానికి ఏ ఆధారం ఉంది?

3. "కదిలితే పడతారు"

ఈ వాదానికి ఉన్న బలమంతా ఈ భయంలోనే ఉంది. ఇది ఉత్తి భయం కాదు కూడా. కానీ మనిషి పడేది ఎందుకు? తొడల్లో, పిక్కల్లో బలం లేక. తూలినప్పుడు వెంటనే అడుగు మార్చుకునే చురుకు పోయి. ఈ రెండూ పోవడానికి కూర్చోవడం ప్రధాన కారణం. పైగా ఎంత కూర్చోబెట్టినా మనిషి రోజుకు కొన్నిసార్లు లేవక తప్పదు. రాత్రి మూత్రానికి లేవాలి, స్నానానికి వెళ్ళాలి. కూర్చోబెట్టినందువల్ల ఆ నాలుగు నడకలు తప్పవు, ఆ నాలుగు నడకలకు కావాల్సిన బలం మాత్రం పోతుంది. పడకుండా ఉండటానికి ఇచ్చిన సలహా పడే రోజును దగ్గర చేస్తుంది.

వైద్య అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2019లో వెలువరించిన సమీక్ష నూరుకు పైగా అధ్యయనాలను, 23,000 మందికి పైగా వృద్ధులను లెక్కలోకి తీసుకొని, వ్యాయామం పడిపోవడాలను సుమారు 23 శాతం తగ్గిస్తుందని తేల్చింది. న్యూజిలాండ్‌లోని ఒటాగోలో రూపొందిన ఇంటి వ్యాయామ పద్ధతి కాళ్ళ బలానికీ, తూకానికీ కొన్ని కసరత్తులూ, నడకా కలిపి ఎనభై దాటినవాళ్ళలో కూడా ఇలాంటి ఫలితమే ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు 65 ఏళ్ళు దాటినవారికి వారానికి కనీసం మూడు రోజులు తూకం, బలం పెంచే వ్యాయామాలు ఉండాలంటున్నాయి. అలా చెప్పడానికి చూపిన కారణాల్లో పడిపోకుండా ఉండటం ఒకటి.

నిజంగా పడిపోతారన్న భయం ఉన్నవాళ్ళు మనిషిని కట్టేయడం మాని ఇంటిని చూడాలి. కడప ఇళ్ళలో నేలంతా నాపబండలే. నునుపు పట్టిన బండ మీద సబ్బునీళ్ళు పడితే పాతికేళ్ళ కుర్రవాడి కాలు కూడా నిలవదు. స్నానాల గదిలో గరుకు బండ వేసినా, రబ్బరు పట్టా పరిచినా, గోడకు ఒక ఇనుప కడ్డీ బిగించినా అయ్యే ఖర్చు తుంటి ఆపరేషన్ బిల్లులో ఎంత? పాత మిద్దెల తలవాకిలి గడప ఎత్తుగా ఉంటుంది. దాని పక్కన పట్టుకోవడానికి ఏదీ ఉండదు. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రిపూట చీకటి. అరిగి జారే రబ్బరు చెప్పులు. కంటిలో ఎప్పుడో ముదిరిన శుక్లం. వీటిలో ప్రతిదీ సరిచేయగలిగినదే. చాలా ఇళ్ళలో వీటిని ఎవరూ పట్టించుకోరు. తల్లిని మాత్రం కదలవద్దంటారు.

4. "పడాల్సిన కష్టం ఎప్పుడో పడ్డారు"

కష్టం పడ్డారు, సందేహం లేదు. కానీ ఒంట్లో బలం దాచిపెట్టుకుంటే ఉండిపోయేది కాదు. నలభై ఏళ్ళ సేద్యం తెచ్చిన కండ, మానేసిన కొన్ని వారాల్లోనే తరగడం మొదలవుతుంది. తొంభై ఏళ్ళ వృద్ధులకు కాళ్ళ వ్యాయామం నేర్పిన ఒక అధ్యయనంలో, వ్యాయామం ఆపిన నాలుగు వారాలకే పెరిగిన వాళ్ళ బలంలో 32 శాతం తగ్గుదల కనిపించింది.

ఇంకో సంగతి. కూలిపనీ వ్యాయామమూ ఒకటి కావు. చెనిక్కాయ పీకేటప్పుడు నడుము గంటల కొద్దీ ఒకే వంపులో ఉంటుంది. భారం ఒకేచోట పడుతుంది, అలసినా ఆపే స్వేచ్ఛ ఉండదు. వ్యాయామంలో ఏ కండరం మీద ఎంత భారం, ఎన్నిసార్లు, ఎప్పుడు ఆపాలి అన్నది చేసే మనిషి చేతిలో ఉంటుంది. మొదటిది కీళ్ళను దెబ్బతీసింది కాబట్టి రెండోదీ తీస్తుందనడం తర్కం కాదు. మొదటిది తెచ్చిన నష్టానికే రెండోది కావాలి.

5. "ఈ వయసులో ఇంకేం లాభం"

ఈ మాట మిగతా వాటికంటే ఎక్కువ హాని చేస్తోంది, ఎందుకంటే దీన్ని వృద్ధులు కూడా నమ్ముతారు. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో వైద్యురాలు మరియా ఫియాటరోన్, ఆమె సహచరులు 86 నుంచి 96 ఏళ్ళ మధ్య వయసున్న పదిమంది బలహీనులకు 8 వారాలు తొడ కండరాల వ్యాయామం చేయించారు. వాళ్ళు క్రీడాకారులు కారు. కీళ్ళవాతం, గుండె జబ్బు, పాత ఎముకల విరుగుళ్ళు ఉన్నవాళ్ళు. పూర్తి చేసిన తొమ్మిదిమందిలో కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. 1994లో సగటున 87 ఏళ్ళున్న 100 మందితో అదే బృందం పది వారాల అధ్యయనం చేసింది. వ్యాయామం చేసినవాళ్ళ బలం రెట్టింపుకు పైగా పెరిగింది, నడక వేగం పుంజుకుంది. ఆ అధ్యయనంలో కొందరికి వ్యాయామం లేకుండా బలవర్ధక పానీయం మాత్రమే ఇచ్చారు. దానివల్ల ఆ బలహీనత తగ్గలేదు. టానిక్కు సీసాలు, పొడి డబ్బాలు కొనిచ్చి బాధ్యత తీరిందనుకునే కొడుకులూ కూతుళ్ళూ ఈ ఒక్క ఫలితాన్ని గుర్తుంచుకోవాలి.

అలాగని తిండి అక్కర్లేదని కాదు. కండ కట్టడానికి మాంసకృత్తులు కావాలి. వృద్ధులకు రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా అవసరమని నిపుణుల బృందాలు సూచిస్తున్నాయి, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు లెక్క వేరు. పళ్ళు లేవని పొద్దున జావ, మధ్యాహ్నం మజ్జిగన్నం, రాత్రి మళ్ళీ జావతో సరిపెట్టే ఇళ్ళలో ఇందులో సగం కూడా అందదు. మెత్తగా ఉడికించిన పప్పు, గుడ్డు, పెరుగు, నూరిన చెనిక్కాయల పొడి సంగటిలోకి చేరాలి.

2014లో వెలువడిన మరో పెద్ద అధ్యయనం సరిగ్గా ఈ వ్యాసం చర్చిస్తున్నవాళ్ళ మీదే జరిగింది. అప్పటికే కదలికలో ఇబ్బంది ఉన్న, కూర్చొనే గడిపే 70–89 ఏళ్ళ 1,635 మందిని రెండుగా చేసి, సగం మందికి నడక, బలం, తూకం వ్యాయామాలు నేర్పారు. మిగతా సగానికి ఆరోగ్యం మీద తరగతులు చెప్పారు. సుమారు 2.6 ఏళ్ళ తర్వాత చూస్తే, 400 మీటర్లు నడవలేని స్థితికి చేరినవాళ్ళు తరగతుల గుంపులో 35.5 శాతం, వ్యాయామం గుంపులో 30.1 శాతం. తేడా ఆకాశమంత లేదు, అద్భుతాలు జరిగాయని చెప్పడమూ తగదు. అయినా నూటికి ఐదుగురు తమ కాళ్ళ మీద తాము బయటికి వెళ్ళగలిగే స్థితిలో మిగిలారు. ఆ పని చేయగల మాత్ర ఇంతవరకూ ఏ మందుల దుకాణంలోనూ లేదు.

6. "నడవలేని మనిషికి వ్యాయామమేంటి"

వ్యాయామం అంటే పొద్దున్నే బూట్లు వేసుకొని చేసే నడక ఒక్కటే అనుకోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. నడక మంచిదే, కానీ కదలిక తగ్గినవాళ్ళకు మొదటి మెట్టు కుర్చీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో వైకల్యం ఉన్నవారికి విడిగా ఒక భాగమే ఉంది. పూర్తి మోతాదు చేయలేకపోయినా ఎంత చేయగలిగితే అంత చేయాలి, అసలు చేయకపోవడం కంటే ఏ కొంచెమైనా మేలు అన్నది అందులోని సారాంశం.

కుర్చీ నుంచి లేచి కూర్చోవడాన్నే చూడవచ్చు. నులకమంచం దీనికి పనికిరాదు. నులక కుంగి మోకాళ్ళు తుంటి కంటే ఎత్తుకు వస్తాయి, అందులోంచి లేవడం ఆరోగ్యవంతులకే కష్టం. ప్లాస్టిక్ కుర్చీ బండపరుపు మీద వెనక్కి జారుతుంది కాబట్టి దాన్ని గోడకు ఆనించాలి. చేతులున్న గట్టి కుర్చీ అయితే మరీ మంచిది. లేవడం కష్టంగా ఉంటే మడిచిన దుప్పటి వేసి ఎత్తు పెంచాలి. కూర్చొనేది కుర్చీ అంచున. పాదాలు మోకాళ్ళ కంటే కొంచెం వెనక్కి ఉండాలి. ముక్కు కాలివేళ్ళ పైకి వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవాలి. దించేటప్పుడు దబ్బున కూలబడకుండా మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు తీసుకొని కూర్చోవాలి. ఈ దించడంలోనూ కండకు మంచి పని పడుతుంది. మొదట ఐదుసార్లు, చేతులు ఆనించుకొనే చేసినా సరే. కాస్త ఆగి మళ్ళీ ఐదు. తేలికైనప్పుడు దుప్పటి తీసేయాలి, ఆపైన చేతుల ఆసరా తగ్గించాలి. మరుగుదొడ్డి మీద నుంచి ఒకరి సాయం లేకుండా లేవగలగడం, బస్సు సీటు నుంచి లేవగలగడం ఈ కసరత్తు నుంచే వస్తాయి.

నిలబడలేనివాళ్ళు కుర్చీలోనే ఒక్కో కాలు తిన్నగా చాపి ఐదు అంకెలు పట్టి ఉంచవచ్చు. మడమలు, ముని వేళ్ళు మార్చి మార్చి లేపవచ్చు. అరలీటరు నీళ్ళ సీసాలు చేతబట్టి భుజాల దాకా ఎత్తవచ్చు. మంచం పట్టినవాళ్ళు కూడా పాదాలు ఆడించడం, మోకాలి వెనక భాగాన్ని పరుపుకేసి అదమడం, మోకాళ్ళు మడిచి నడుము పైకి లేపడం చేయవచ్చు. పక్షవాతంతో ఒక పక్క పడిపోయినవాళ్ళు మంచి చేత్తో రెండో చేతిని పట్టుకొని కదిలించాలి, లేకపోతే భుజం బిగుసుకుపోతుంది.

కష్టం ఎంతవరకూ అనేదానికి కొలత సులభం. చేస్తున్నప్పుడు మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. కొంచెం నొప్పి వచ్చి మరునాటి పొద్దుటికి సద్దుమణిగితే పరవాలేదు, తగ్గకపోతే మరుసటిసారి మోతాదు తగ్గించాలి. ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం, కళ్ళు తిరగడం, ఒక పిక్క ఉన్నట్టుండి వాయడం, కీలు ఎర్రబడి వేడెక్కడం, వీటిలో ఏది కనిపించినా ఆపి వైద్యులకు చూపించాలి. కడప ఎండ సంగతీ మరవకూడదు. మేలో 42, 43 డిగ్రీలు మామూలు. నీరు తగ్గడానికి, బీపీకి మాత్రలు వాడే వృద్ధులకు ఆ ఎండలో ఒళ్ళు తొందరగా తడారిపోతుంది. వేసవిలో బయటి నడక ఎండెక్కక ముందే ముగియాలి, లేదా ఇంట్లో పడసాలలోనే సాగాలి.

కర్రల మీద నడిచే మనిషి ఏం చేయగలరన్న ప్రశ్నకు తెలుగునాట అందరికీ తెలిసిన జవాబు ఆచార్య చిలుకూరి శాంతమ్మ. 1929లో పుట్టి, 1989లో ఉద్యోగ విరమణ చేసిన ఈ భౌతికశాస్త్ర ఆచార్యురాలు, మోకాళ్ళ ఆపరేషన్ తర్వాత రెండు ఊతకర్రల మీద నడుస్తూ, తొంభై దాటాక కూడా విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్ళి సెంచూరియన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. అందరూ ఆమెలా ఉండలేరు. కానీ ఊతకర్ర చేతికి వస్తే జీవితం గదికి పరిమితం కావాలన్న నియమం లేదని చెప్పడానికి ఆమె ఒక్కరు చాలు.

7. "కూర్చోబెట్టడమే గౌరవం"

వృద్ధురాలు వాకిలి ఊడుస్తూ కనిపిస్తే ఊరు కోడలిని తప్పుపడుతుంది. ఆ నిందకు భయపడి చీపురు లాక్కునే కోడళ్ళు ఎందరో. మనిషి చేతిలో పని ఉండటం వేరు, బలవంతపు చాకిరీ వేరు. కడుపు కోసం ముసలితనంలో కూలికి పోవాల్సి రావడం సమాజానికి సిగ్గుచేటు, అది ఆగాలి. అలాగని ఇష్టపడి చేసే పనిని కూడా లాక్కుంటే గౌరవం పెరగదు. బియ్యం ఏరడం, చెనిక్కాయలు ఒలవడం, మొక్కలకు చెంబుతో నీళ్ళు పోయడం, మనవడిని బడి దాకా దిగబెట్టడం మనిషికి ఇంట్లో ఒక స్థానాన్ని ఇస్తాయి. అవి పోయాక మిగిలేది టీవీ ముందు కుర్చీ.

కృష్ణా రామా అనుకుంటూ ఒక మూల కూర్చోవాలనే మాటకు భక్తిలో కూడా ఆధారం లేదు. దేవుని కడపలో, ఒంటిమిట్టలో గుడికి వెళ్ళిన పెద్దలు చేసేది ప్రదక్షిణ, అది నడకే. కడప మసీదుల్లో మోకాళ్ళు వంగని పెద్దలు కుర్చీలో కూర్చొని నమాజు చేస్తారు. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని సైగలతో చేయవచ్చని ఇస్లాం చెబుతుంది. చేతకాదు కాబట్టి మానేయమని చెప్పదు. శక్తిని బట్టి పద్ధతిని మార్చుకోవాలన్న ఈ సూత్రాన్నే ఫిజియోథెరపీ కూడా పాటిస్తుంది.

ఇక ప్రభుత్వ బాధ్యత. రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పథకం కింద వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి రూ. 4,000 అయింది, నెల మొదట్లో ఇంటి గుమ్మానికే వస్తోంది. అది అవసరమైన పని. అదే గుమ్మానికి ఫిజియోథెరపిస్టు రారు. 2010–11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో వృద్ధుల వార్డు, ఫిజియోథెరపీ విభాగం ఉండాలని, సామాజిక ఆరోగ్య కేంద్రాల దాకా పునరావాస సేవలు అందాలని నిర్దేశించింది. కడపలో పెద్దాసుపత్రి ఉంది. కానీ బద్వేలు అవతలి పల్లె నుంచి, పులివెందుల పక్క ఊరి నుంచి బస్సు మెట్టు ఎక్కలేని మనిషి వారానికి రెండుసార్లు కడప ఎలా రాగలరు? సేవ మనిషి దగ్గరికి రావాలి. పింఛను తెచ్చే వ్యవస్థ ఉన్నప్పుడు, ఆశా కార్యకర్తలకు కుర్చీ వ్యాయామాలు నేర్పడం సాధ్యం కాని పనేమీ కాదు. ఇక పరికరాల సంగతి. కేంద్ర పథకమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న కడపకు ఆనుకొని ఉన్న నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. 60 ఏళ్ళు దాటిన పేదలకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు ఈ పథకం కింద ఉచితంగా ఇస్తారు. అయితే వాకర్ ఇవ్వడంతో పని అయిపోదు. దాని ఎత్తు మణికట్టు దగ్గరికి సరిచేసి, ఏ కాలు ముందు వేయాలో నేర్పకపోతే అది మూలన బట్టలు ఆరేసుకునే దండెమవుతుంది.

కాబట్టి "కదలవద్దు" అనే సలహాను ఇకమీదట ఎవరూ ఊరికే ఒప్పుకోకూడదు. అది వైద్యుల నోట వచ్చినా సరే, ఎన్ని రోజులు కదలకూడదో, ఆ తర్వాత ఏ వ్యాయామం ఎంత చేయాలో అడిగి చీటీ మీద రాయించుకోండి.